మక్కలు పోయినయి, పెట్రోల్ అయి వచ్చినయి

పోయిన వానాకాలం, మక్క మోకాలి ఎత్తుకు వచ్చిన రోజుల్లో, పొద్దున ఆరున్నరకే బాపు ఫోన్ చేశాడు. "తైవాన్ పంపు స్టార్ట్ అయితలేదురా. తాడు గుంజి గుంజి రెక్కలు పడిపోయినయి." వీపుకు తగిలించుకుని చేనుకు మందు కొట్టే పెట్రోల్ మిషన్ అది. కత్తెర పురుగు సుడిలో దూరింది, మందు ఆ రోజో మర్నాడో పడాలి. పక్కవాళ్ల పంపు అడిగితే వాళ్ల చేనుకూ అదే పురుగు. చివరికి కిరాయి మనిషిని పంపుతో సహా పిలిచి కొట్టించేసరికి రెండు రోజులు పోయాయి. ఆ రెండు రోజుల్లో పురుగు ఎంత తిన్నదో లెక్క కట్టలేం కానీ, బాపు మాత్రం మొక్క మొక్కకీ కట్టుకున్నాడు.

ఆదివారం ఊరికి పోయి, పంపును బండి మీద పెట్టుకుని మండలంలో మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. పెట్రోల్‌నూ గాలినీ కలిపి ఇంజన్‌కు పంపే కార్బొరేటర్ కింది గిన్నె విప్పి నా అరచేతిలో పెట్టాడు. అడుగున తెల్లగా, అక్కడక్కడా పచ్చగా, సున్నం గీసినట్టు పొడి. పెట్రోల్ పోయే సన్నటి రంధ్రం, అదే జెట్, పూర్తిగా పూడుకుపోయింది. పెట్రోల్ పైపును వేళ్ల మధ్య వంచితే పుల్లలా పుటుక్కుమంది. "గిదంత ఇథనాల్ పుణ్యమే అన్నా. పెట్రోల్ అని పోస్తున్నరు గని అండ్ల సారా ఉన్నది. మనుషులకు తాపుడు అయిపోయింది, ఇగ మిషన్లకు తాపుతున్రు" అన్నాడు. నవ్వాను. 650 రూపాయలు ఇచ్చాను.

తిరిగి వస్తుంటే ఆ మాట మీదే ఆలోచన. మెకానిక్ చెప్పింది నిజమా? వాట్సాప్‌లో తిరిగే వీడియోల్లో ఇ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, పోస్తే ఇంజన్ ఏడాదిలో తుక్కు. పెట్రోలియం శాఖ 2025 ఆగస్టులో వరసగా ఇచ్చిన వివరణల్లో ఇబ్బంది దాదాపు ఏమీ లేదు. ఈ రెండింటి మధ్య ఎక్కడో మా బాపు పంపు ఉంది. ఆ 'ఎక్కడో' ఎక్కడో తేల్చుకుందామనే ఇదంతా రాస్తున్నాను.

ముందు మా తప్పు

ఇంటికొచ్చాక బాపును అడిగాను, పంపు ఆఖరిసారి ఎప్పుడు నడిపావని. యాసంగిలో, ఫిబ్రవరిలో. ఆ తర్వాత టాంకీలో సగం పెట్రోల్ అలాగే ఉంచి కొట్టంలో మూలకు పెట్టాడు. మార్చి, ఏప్రిల్, మే. రేకుల కొట్టం. టాంకీ మూత రబ్బరు చిరిగి ఉంది. పైగా ఆ పెట్రోల్ బంకులో పోయించింది కూడా కాదు, ఊళ్లో కిరాణా కొట్టు ముందు నీళ్ల సీసాల్లో పెట్టి అమ్మేది. అది ఎన్నాళ్లుగా ఎండలో ఉందో కొట్టువాడికే తెలియదు.

కాబట్టి నేరం మొత్తం ఇథనాల్ మీదికి నెట్టేస్తే అన్యాయం. ఏమీ కలపని పెట్రోల్ అయినా నాలుగైదు నెలలు నిలవ ఉంటే జిగురు కడుతుంది, జెట్ పూడుతుంది. ఇదే మాట మెకానిక్‌ను అడిగితే కాదనలేదు. "ఎన్కట గూడ వచ్చేటివి. గని గిన్ని రాలే."

అయితే ఒక చిక్కు ఉంది. ఈ పంపు 2018లో కొన్నది. ప్రతి యాసంగి తర్వాతా బాపు ఇలాగే మూలకు పెట్టాడు, ప్రతి వానాకాలం మూడు గుంజుళ్లకు స్టార్ట్ అయింది. అదే మనిషి, అదే కొట్టం, అదే బద్ధకం. మారింది పెట్రోల్ ఒక్కటే అనాలనిపిస్తుంది. కానీ పంపుకు ఏడేళ్లు మీద పడ్డాయి కదా, రబ్బరుకు కూడా వయసుంటుంది. ఒక్క పంపును పట్టుకుని దేశం మొత్తానికి తీర్పు చెప్పలేను. అందుకే అసలు ఈ ఇథనాల్ ఏం చేస్తుందో చూద్దామని ఒక సీసా పట్టుకున్నాను.

సీసాలో మక్కలు

ఎవరైనా చేయొచ్చు, పొయ్యికీ బీడీకీ దూరంగా. ఒక గాజు సీసా మీద స్కెచ్ పెన్నుతో గీతలు గీసి, బైక్‌లోంచి తీసిన పెట్రోల్ 100 మిల్లీలీటర్లు పోశాను. సిరంజితో 10 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, మూత బిగించి, బాగా ఊపి అరుగు మీద పెట్టాను. నీళ్లు బరువు కాబట్టి కిందికి దిగాలి, పది గీత దగ్గర ఆగాలి. పావుగంటకు చూస్తే కింది పొర ముప్పై గీతకు కొంచెం కిందుగా నిలబడింది.

బాపు చుట్టూ తిరిగి చూశాడు. "నీళ్లు పెరిగినయేందిరా?"

"నీళ్లు కాదు బాపు. పెట్రోల్‌ల కలిపిన సారా దాన్ని ఇడిసిపెట్టి నీళ్లతోని జతకట్టింది."

"గా సారా దేనితోని జేస్తరు?"

"చెరుకు, నూకలు. ఇప్పుడు ఎక్కువగ మక్కలు."

బాపు సీసాను ఎత్తి వెలుగుకు పట్టి చాలాసేపు చూశాడు. "అంటే మన మక్కలే మన పంపుల పడ్డయన్నట్టు."

ఇథనాల్‌కూ నీళ్లకూ ఉన్న ఈ స్నేహమే సగం కథ. టాంకీలోకి నీళ్లు చేరి పొర విడిపోతే అడుగున ఉండేది నీళ్లూ సారాయీ. పెట్రోల్ పైపు తీసుకునేది అడుగునుంచే. బైక్ అయితే స్టార్ట్ కాదు, అంతటితో సరి. తైవాన్ పంపు టూ స్ట్రోక్ ఇంజన్, దానికి వేరే ఆయిల్ ఉండదు. లీటరు పెట్రోల్‌కు 40 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ కలిపి పోస్తాం, ఆ ఆయిలే పిస్టన్‌ను కాపాడాలి. ఆయిల్ ఉండేది పై పొరలో. ఇంజన్ కింది పొర తాగుతూ నడిచిందంటే ఎండు పిస్టన్ గోడకు రాసుకుంటుంది. దాన్నే మెకానిక్‌లు సీజ్ అయింది అంటారు. అప్పుడు 650తో పోదు.

మిగతా సగం కథ గాలిది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే జెట్, అదే గాలి ఉన్న పాత కార్బొరేటర్‌లో గాలి పాలు ఎక్కువై మిశ్రమం పలచబడుతుంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాక తయారైన బైకులు దాదాపు అన్నీ ఇంజెక్షన్‌వే, అంటే కార్బొరేటర్ బదులు కొలిచి పెట్రోల్ చిమ్మేవి. సైలెన్సర్ దగ్గరి సెన్సర్ వాసన చూసి పెట్రోల్ కాస్త ఎక్కువ వదలమని చెబుతుంది. పాత బండికీ, పంపుకూ, గడ్డి కోసే మిషన్‌కూ, ఫంక్షన్ హాల్ వెనక మోగే చిన్న జనరేటర్‌కూ ఆ ముక్కు లేదు. పలచటి మిశ్రమంతో వేడెక్కుతూ నడుస్తాయి. చలికాలం పొద్దున చోక్ లాగినా మిస్సింగ్ కొడతాయి.

వాట్సాప్ వీరులకు నచ్చని సంగతి కూడా చెప్పాలి. గాలిలో తేమ ఉంటే చాలు టాంకీలో నీళ్లు విడిపోతాయన్నది అతిశయోక్తి. ఇథనాల్ ఎక్కువ ఉన్నకొద్దీ పెట్రోల్ ఎక్కువ నీటిని విడిపోకుండా తనలో దాచుకోగలదు, ఆ లెక్కన ఇ10 కంటే ఇ20 నయం. నేను సీసాలో పోసినన్ని నీళ్లు మూత సరిగ్గా ఉన్న బైక్ టాంకీలోకి ఎప్పటికీ రావు. మా పంపు గిన్నెలో కూడా నాకు దొరికింది నీటి పొర కాదు, లోహం తుప్పు పట్టిన పొడి. ఇంకోటి, ఇథనాల్ వల్ల ఆక్టేన్, అంటే ఇంజన్‌లో వేళకు ముందే అంటుకోకుండా ఆగే గుణం, పెరుగుతుంది. మామూలు పెట్రోల్‌ది 91 అయితే ఇ20ది 95. దానికి తగ్గట్టు తయారైన ఇంజన్‌కు ఇది మంచి ఇంధనమే. బ్రెజిల్ 2025 ఆగస్టు 1 నుంచి 30 శాతం కలుపుతోంది, అక్కడి కార్లు రోడ్ల పక్కన ఆగిపోయి లేవు.

కాకపోతే బ్రెజిల్ ఈ పని 1975లో మొదలుపెట్టింది. ఏ పాళ్లలో పోసినా నడిచే ఫ్లెక్స్ కార్లు 2003లోనే అక్కడ అమ్మకానికి వచ్చాయి. మన దగ్గర 2014లో ఒకటిన్నర శాతం ఉన్న మిశ్రమం 2022 జూన్‌కు పది, 2025కు ఇరవై. మొదట 2030కి అనుకున్న ఇరవైని ఐదేళ్లు ముందుకు జరుపుకున్నాం. ఇ20కి తగిన రబ్బరూ లోహమూ వాడిన బండ్లు రావడం మొదలైందే 2023 ఏప్రిల్‌లో. అంతకు ముందు కొన్న బండి, అంటే మనలో చాలామంది కింద ఉన్న బండి, ఈ పెట్రోల్ కోసం పుట్టింది కాదు.

మైలేజీ పంచాయితీ

నా బైక్ 2012ది, 125 సీసీ, కార్బొరేటర్ బండి. రెండేళ్ల కిందటి దాకా లీటరుకు 54 ఇచ్చేది. ఈ మధ్య ఫుల్ టాంక్ నుంచి ఫుల్ టాంక్‌కు నాలుగుసార్లు చూస్తే 51 దగ్గర తేలింది. ఇందులో ఇథనాల్ వాటా ఎంత? ఆఫీసు మారింది, ట్రాఫిక్ మారింది, వెనక టైరు అరిగింది, నా బరువు సంగతి అడక్కండి. నా లెక్కను నేనే పూర్తిగా నమ్మను.

కానీ ఇథనాల్ లీటరులో ఉండే శక్తి పెట్రోల్ లీటరులో ఉన్నదాంట్లో మూడింట రెండు వంతులే. ఇది ఎవరూ కాదనలేని విషయం. అయిదో వంతు పెట్రోల్ తీసి ఆ జాగాలో దీన్ని పోస్తే, ఇంజన్ దాన్ని ఏ రకంగానూ ఎక్కువ పిండుకోలేకపోతే, కాగితం మీద ఆరు శాతం పైన పోవాలి. నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే రాసి ఉంది: పాత తరహా కార్లకు 6 నుంచి 7 శాతం, టూవీలర్లకు 3 నుంచి 4 శాతం తగ్గుతుందని. నాలుగేళ్ల తర్వాత పెట్రోలియం శాఖ దీన్నే 'స్వల్పం' అంది.

నాకు స్వల్పమే. నెలకు ముప్పై లీటర్లు, 2025లో హైదరాబాద్ రేటు లీటరు 107 పైన, ఆ లెక్కన నాలుగు శాతం అంటే నూట ముప్పై రూపాయల లోపు. రెండు బిర్యానీలు కూడా కాదు. మా అపార్ట్‌మెంట్‌కు పార్సిళ్లు తెచ్చే కుర్రాడు రోజుకు 120 కిలోమీటర్లు తిరుగుతాడు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత బండి, లీటరుకు 50 అనుకుందాం. నెలకు 26 రోజులు తిరిగితే అరవై రెండు లీటర్లు, నాలుగు శాతానికి 260 రూపాయల పైన. ఏడాదికి మూడు వేలు దాటుతుంది. ఇంకో తమాషా. మైలేజీ తగ్గి ఎక్కువ పెట్రోల్ కొంటాం కదా, ఆ ఎక్కువ కొన్నదాని మీద కూడా పన్ను పడుతుంది. తెలంగాణలో వ్యాట్ ఒక్కటే 35.20 శాతం. బండి లీటరుకు ఎంత తక్కువ నడిస్తే ఖజానాకు అంత లాభం అన్నమాట.

పోనీ ఇథనాల్ చవక కాబట్టి రేటు తగ్గిస్తారా అంటే, అప్పట్లో ఆశ పెట్టింది అలాగే. 2025లో ఇథనాల్ సగటు కొనుగోలు ధర లీటరు 71 రూపాయలు దాటింది, శుద్ధి చేసిన పెట్రోల్ ధర కంటే అదే ఎక్కువని అప్పుడు శాఖే చెప్పింది. తక్కువ శక్తి ఉన్నదాన్ని ఎక్కువ రేటుకు కొని, పాత రేటుకే మనకు పోస్తున్నారు. వాళ్ల ఇబ్బంది అర్థమవుతుంది. డెలివరీ కుర్రాడి 260 మాత్రం ఏ లెక్కలోనూ కనపడదు.

కొన్ని పాత బండ్లకు ఇరవై, ముప్పై వేల కిలోమీటర్లు నడిచాక రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చుకోవాల్సి రావచ్చని కూడా ఆ వివరణల్లోనే ఉంది. ఖర్చు తక్కువేనట, మామూలు సర్వీసింగ్‌లో అయిపోతుందట. ఆ మాట నా బైక్ షాపులో ఎవరూ నాకు చెప్పలేదు. మా మండలం మెకానిక్‌కూ ఎవరూ చెప్పలేదు, కాబట్టే ఆయన సారా కథ అల్లుకున్నాడు. నిజం సమయానికి చేరకపోతే ఆ ఖాళీలో ఏదో ఒకటి వచ్చి కూర్చుంటుంది.

మక్కల వైపు నుంచి చూస్తే

ఇక్కడికి వచ్చేసరికి నాకు నేనే అడ్డం తిరగాలి. మా ఇల్లు మక్కల మీద నడిచిన ఇల్లు. క్వింటాలు మక్కలతో దాదాపు 38 లీటర్ల ఇథనాల్ వస్తుంది. మక్క ఇథనాల్‌కు కంపెనీలకు దక్కే ధర లీటరు 71 రూపాయల 86 పైసలు. అంటే క్వింటాలు మీద 2,700 పైచిలుకు, పిప్పి పశువుల దాణాకు పోతే అది వేరే. ఎక్కువగా కోళ్ల దాణా వాళ్ల మీదే ఆధారపడ్డ పంటకు ఇంత పెద్ద గిరాకీ రావడం చిన్న విషయం కాదు. దిగుమతి చమురు తగ్గి పదకొండేళ్లలో 1.44 లక్షల కోట్ల విదేశీ మారకం మిగిలిందని కేంద్రం 2025లో చెప్పింది. ఆ మాటను నేను తేలిగ్గా తీసెయ్యను. అరబ్ షేకుకు పోయే రూపాయి జగిత్యాల రైతుకు వస్తే నాకు ఎందుకు బాధ?

కానీ 2025లో మక్కలకు మద్దతు ధర క్వింటాలుకు 2,400 ఉంటే కోతల వేళ మార్కెట్‌లో అంత రాలేదు, సర్కారు తరఫున కొనే మార్క్‌ఫెడ్ కేంద్రాల కోసం రైతులు ఎదురుచూడాల్సి వచ్చింది. ఇథనాల్ గిరాకీ ధరను పైకి నిలబెడుతుందన్న మాట ఆ నెలలో మా యార్డు దాకా రాలేదు. ఫ్యాక్టరీల సంగతి సరేసరి. నారాయణపేట జిల్లా చిత్తనూరులో, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో, జోగులాంబ గద్వాల జిల్లా పెద్ద ధన్వాడలో జనం ఇథనాల్ ఫ్యాక్టరీలు మాకొద్దని రోడ్డెక్కారు. నీళ్ల భయం, వాసన భయం, పొలాల భయం. దిలావర్‌పూర్ మాకు దూరమేమీ కాదు. బాపు ఆ వార్త చూసి "మక్కలు కొనేటోడు గావాలె గని, మన ఊళ్లె వద్దు" అన్నాడు. ఇందులో స్వార్థం ఉంది, ఒప్పుకుంటాను. నాకూ వేరే జవాబు తోచలేదు.

నా పేచీ

ఇంత రాశాక నా పేచీ దేనితోనో నాకే స్పష్టమైంది. ఇథనాల్‌తో కాదు. బంకులో నాకు రెండో పైపు లేకపోవడంతో.

బ్రిటన్ 2021 సెప్టెంబరులో ఇ10కి మారింది, 10 శాతానికే మారింది. అప్పుడు కూడా పాత బండ్ల కోసం ప్రీమియం రకంలో 5 శాతం పెట్రోల్‌ను ఉంచింది. అమెరికాలో 15 శాతం కలిపిన దాన్ని 2001కి ముందు కార్లలో, బైకుల్లో, పడవల్లో, గడ్డి మిషన్లలో పోయకూడదు. ఆ మాట పంపు మీదే నారింజ రంగు స్టిక్కర్‌గా అతికించి ఉంటుంది. డాలస్‌లో ఉండే మా బావ గడ్డి మిషన్ కోసం ఇథనాల్ లేని పెట్రోల్ వేరే బంకు నుంచి డబ్బాలో తెచ్చుకుంటాడు. ఆ సంగతి విన్నప్పుడు నవ్వాను, అమెరికా చాదస్తం అనుకున్నాను. చాదస్తం కాదు, మిషన్ పుస్తకంలో 10 శాతానికి మించొద్దని రాసి ఉందట.

మన నీతి ఆయోగ్ నివేదిక కూడా పాత బండ్ల రక్షణ కోసం ఇ10ను అందుబాటులో ఉంచాలనే చెప్పింది. అది జరగలేదు. ఇథనాల్ లేని పెట్రోల్ కూడా ఒక ఎంపికగా ఉండాలని, పంపుల మీద ఎంత శాతమో రాయాలని వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న కొట్టేసింది. కోర్టు ఇంధన విధానం నడపలేదు, అది నాకు తెలుసు. రెండు రకాల పెట్రోల్‌కు రెండేసి టాంకులు, ట్యాంకర్లు కావాలి, ఖర్చు, కల్తీకి ఇంకో దారి. ఈ వాదనా విన్నాను. అన్ని బంకుల్లో అక్కర్లేదు. మండలానికి ఒక బంకులో ఒక పైపు చాలు, ఐదారేళ్లు, పాత బండ్లు తుక్కుకు పోయేదాకా. నగరాల్లో ఒకటీ అరా బంకుల్లో ఇథనాల్ లేని వంద ఆక్టేన్ పెట్రోల్ దొరుకుతుంది కదా అంటారు. మామూలు పెట్రోల్ కంటే ఎంతో ఎక్కువ రేటు పెట్టి తైవాన్ పంపులో పోసుకునే రైతు ఎక్కడున్నాడో నాకు చూపించాలి.

కనీసం రాయడానికి ఖర్చేముంది? ఉప్పు ప్యాకెట్ మీద అయోడిన్ ఎంతో రాస్తారు. నేను తరచూ పోయే బంకులో మొన్న అడిగాను, "తమ్ముడూ, ఇందులో ఇథనాల్ ఎంత?" అని. వెనక హారన్లు కొడుతున్నారు. "పెట్రోలే సార్. ప్రీమియమా, నార్మలా?" అన్నాడు. అతని తప్పేం లేదు, అతనికీ ఎవరూ చెప్పలేదు.

మా పంపు ఇప్పుడు బాగానే నడుస్తోంది. కొత్త పైపు, కొత్త వాషర్లు, మూతకు కొత్త రబ్బరు. నేను బాపుకు ఒకటే నేర్పాను: పని అయిపోయాక టాంకీలో మిగిలింది సీసాలోకి వంచు, ఆ తర్వాత ఇంజన్ దానంతట అది ఆరిపోయేదాకా నడిపించు, కార్బొరేటర్ ఎండిపోవాలి. మొదట విసుక్కున్నాడు. ఈ యాసంగిలో ఊరికి పోయినప్పుడు కొట్టంలోకి తొంగిచూస్తే పంపు మూలన కాదు, గోడకు కొయ్య వేసి వేలాడదీసి ఉంది. దాని పైన గోడ మీద బొగ్గుతో, పెద్ద పెద్ద అక్షరాలతో రాసుకున్నాడు: "పెట్రోల్ ఒంపిన. ఫిబ్రవరి 11."